సీటు బెల్టు, రోడ్డు మీద తనిఖీ: మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

పెళ్లి భోజనాల దగ్గర, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, స్టేషన్ నుంచి వచ్చే కంగారు ఫోన్లలో ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. కొందరికి చట్టం తెలియక భయం. ఇంకొందరికి ఫార్వర్డ్ మెసేజ్ చదివి వచ్చిన లేనిపోని ధైర్యం. రోడ్డు పక్కన నిలబడినప్పుడు ఎక్కువ నష్టం చేసేది ఈ రెండోదే. 1988 మోటారు వాహనాల చట్టం, దాని కింద 1989లో వచ్చిన కేంద్ర నిబంధనలు, 2019 సవరణ ఏం చెబుతున్నాయో ఇక్కడ ప్రశ్నల వారీగా పెట్టాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కారు నడిపేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి. కేసు దాకా వెళ్తే మాత్రం మీ కాగితాలు చూసిన వకీలు మాట వినండి.

## బయల్దేరే ముందు

వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలా? ఇది కొత్త రూలా?

పెట్టుకోవాలి. కొత్త రూలేం కాదు. బండి కదులుతున్నప్పుడు డ్రైవరు, ముందు సీట్లో మనిషి, ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లలో కూర్చున్నవాళ్లు అందరూ బెల్టు పెట్టుకోవాలని కేంద్ర నిబంధనల్లో 138(3) ఎప్పటి నుంచో చెబుతోంది. జనం గానీ పోలీసులు గానీ దాన్ని పట్టించుకోలేదు, అంతే. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారని తేలాక దేశమంతా ఒక్కసారిగా ఆ నిబంధన గుర్తొచ్చింది.

ఆ ఏడాది దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో డ్రైవర్లు 8,384 మంది. మిగతా 8,331 మంది పక్కనో వెనకో కూర్చున్నవాళ్లే. పైగా వెనక మనిషికి బెల్టు లేకపోతే అతనొక్కడితో పోదు. కారు ఠక్కున ఆగినా అతని ఒళ్లు అదే వేగంతో వచ్చి ముందు సీటును గుద్దుతుంది, ముందున్న మనిషి నలిగిపోతాడు.

జరిమానా ఎంత? క్యాబ్‌లో నేను బెల్టు పెట్టుకోకపోతే ఎవరు కట్టాలి?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194బి ప్రకారం వెయ్యి రూపాయలు. బెల్టు లేకుండా నడిపినా, బెల్టు పెట్టుకోని ప్రయాణికులను ఎక్కించుకుని నడిపినా తప్పు డ్రైవరు మీదే పడుతుంది. అంటే క్యాబ్‌లో మీరు బద్ధకిస్తే చలాన్ ఆ డ్రైవరుకు వెళ్తుంది. అతను "సార్, బెల్టు" అంటే విసుక్కోకండి. రోడ్డు మీదే తేల్చుకునేటప్పుడు కట్టే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది కాబట్టి అది రాష్ట్రాన్ని బట్టి మారొచ్చు. 2019లో గుజరాత్ దాన్ని 500కు తగ్గించింది. అందుకే పక్క రాష్ట్రంలో ఉన్న బావమరిది చెప్పిన లెక్కతో ఇక్కడి పోలీసుతో వాదించకండి.

పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. 14 ఏళ్లు నిండని పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుండా కారు నడిపితే 194బి లోనే వేరే జరిమానా ఉంది. అదీ వెయ్యి రూపాయలే. నడిపినవాళ్లతో పాటు అలా నడపనిచ్చినవాళ్లూ దాని కిందికి వస్తారు. జరిమానా అటుంచి, ముందు సీట్లో అమ్మ ఒళ్లో పసిబిడ్డను చూస్తే నాకు మాత్రం గుండె ఆగినంత పనవుతుంది. గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులకూ ఆ బిడ్డను ఆపే బలం ఉండదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ముందుగా తగిలేది బిడ్డకే. చంటిపిల్లల సీటును వెనకే బిగించాలి.

మా ఆవిడకు ఏడో నెల. బెల్టు నుంచి మినహాయింపు ఉందా?

కేంద్ర నిబంధనల్లో గర్భిణులకంటూ మినహాయింపు రాయలేదు. డాక్టర్లు కూడా పెట్టుకోమనే చెబుతారు. కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా పోవాలి. పై పట్టీ భుజం మీదుగా వచ్చి రొమ్ముల మధ్య నుంచి, పొట్ట పక్కగా దిగాలి. ఆపరేషన్ అయి కుట్లు ఉన్నవాళ్లకు డాక్టరు రాసిచ్చిన చీటీ దగ్గర ఉంటే పోలీసుకు చెప్పుకోవడానికి పనికొస్తుంది గానీ, అది చట్టపరమైన పాస్ మాత్రం కాదు.

ఎయిర్‌బ్యాగులు ఉన్నాయిగా, ఇంకా బెల్టు ఎందుకు? ఆ టింగ్ టింగ్ ఆపే క్లిప్పు వాడొచ్చా?

ఎయిర్‌బ్యాగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అని ఉంటుంది. అందులో మొదటి ఎస్ అంటే సప్లిమెంటల్, అర్థమే అదనపు సాయం అని. అసలు పని బెల్టుది. 1959లో వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ తయారుచేసిన మూడు చోట్ల బిగిసే బెల్టే ఇవాళ్టికీ ఆధారం. బెల్టు మనిషిని సీటుకు పట్టి ఉంచితేనే బ్యాగు పూర్తిగా తెరుచుకున్నాక తల దాని మీద పడుతుంది. బెల్టు లేకపోతే ఇంకా ఉబ్బుతున్న బ్యాగుకే మొహం ఎదురెళ్తుంది.

2019 జులై 1 నుంచి దేశంలో తయారయ్యే కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, ముందు సీట్లకు బెల్టు హెచ్చరిక శబ్దం తప్పనిసరి. ఆ శబ్దాన్ని మోసం చేసే క్లిప్పుల అమ్మకాలను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేయమని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది. డబ్బు పెట్టి కొని మరీ ప్రాణానికి అడ్డం పెట్టుకునే వస్తువు అది. బెల్టును వీపు వెనక నుంచి లాగి బిగించేవాళ్లదీ ఇదే తెలివి.

మా నాన్నగారి పాత కారుకు బెల్టులే లేవు. చలాన్ రాస్తారా?

బెల్టులు అమర్చి వచ్చిన బండికే 138(3) వర్తిస్తుంది. కంపెనీ బెల్టు ఇవ్వని పాత బండికి పెట్టుకోలేదని రాయడం కుదరదు. ఉన్న బెల్టు తెగిపోయి మీరు బాగు చేయించకపోతే మాత్రం ఈ వాదన నడవదు.

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు తీసేస్తే తప్పా?

నిబంధనలో ఉన్న మాట "బండి కదులుతున్నప్పుడు" అనే. దాన్ని పట్టుకుని రెడ్ లైటు దగ్గర వాదించొచ్చు. ఆ కాస్త సేపటికి తీసి మళ్లీ పెట్టుకునే ఓపిక ఎవరికి ఉంటుందో నాకైతే తెలియదు.

## చెయ్యి చూపి ఆపినప్పుడు

ఎవరు ఆపితే ఆగాలి? కానిస్టేబుల్‌కు అధికారం లేదట కదా, ఎస్సై ఉండాలట కదా?

ఇది వాట్సాప్ చట్టం. యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా డ్రైవరు లైసెన్సు చూపించాలని సెక్షన్ 130 చెబుతోంది. అక్కడ ర్యాంకు మాట లేదు, కానిస్టేబుల్ అయినా అడగొచ్చు. జరిమానా వేసి అక్కడే కేసు ముగించడం మాత్రం వేరే సంగతి. ఏ హోదా అధికారి ఆ పని చేయొచ్చో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌లో చెబుతుంది. ఆగడానికీ కట్టడానికీ తేడా పట్టుకుంటే సగం గొడవలు తగ్గుతాయి. హోంగార్డు ట్రాఫిక్ సర్దడంలో సాయపడతాడు, చెయ్యి చూపితే ఆగండి. చలాన్ రాయాల్సింది మాత్రం పక్కనున్న అధికారి.

రవాణా శాఖ ఎంవీఐ, అదే మనవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అధికారి, కూడా కాగితాలు అడగొచ్చు. ఆపితే ఆగకుండా దూసుకుపోవడం, అడిగిన వివరం ఇవ్వకపోవడం సెక్షన్ 179 కిందికి వస్తాయి, రెండు వేల జరిమానా. బెల్టుకు కట్టాల్సిన దానికి అది రెట్టింపు.

కారు దిగి వాళ్ల దగ్గరికి వెళ్లాలా?

దిగాలని గానీ, దిగకూడదని గానీ మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. బండిని పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, అద్దం దించి మాట్లాడండి. దిగమంటే దిగండి. హైవే మీద రాత్రిపూట అయితే ట్రాఫిక్ వైపు తలుపు తీయకండి.

పోలీసు పేరు, ఏ సెక్షన్ కింద రాస్తున్నారో అడగొచ్చా?

నిరభ్యంతరంగా. యూనిఫాం మీద పేరు పట్టీ ఉండాలి, చలాన్ మీద సెక్షన్ ఉండాలి. "ఏ సెక్షన్ సార్?" అని మామూలు గొంతుతో అడిగిన ప్రశ్నకు ఉన్నంత బలం "నేనెవరో తెలుసా" అనే మాటకు ఉండదు. మీ వైపు నుంచి తప్పనిసరిగా చెప్పాల్సినవి పేరు, చిరునామా. చట్టం కింద తప్పు చేసి పేరు, చిరునామా చెప్పనంటే వారెంటు లేకుండానే అరెస్టు చేసే అధికారాన్ని సెక్షన్ 202(2) ఇస్తోంది. బెల్టు కేసులో అరెస్టు దాకా పోయే దారి దాదాపు అదొక్కటే.

ఫోన్‌లో వీడియో తీస్తే నేరమా?

బహిరంగ రోడ్డు మీద విధుల్లో ఉన్న పోలీసును వీడియో తీయకూడదని చెప్పే కేంద్ర చట్టమేదీ లేదు. మొహం మీద ఫోన్ పెట్టి, దారికి అడ్డం నిలబడి, పని సాగనివ్వకపోతే మాత్రం విధులకు ఆటంకం అంటూ భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 221 ముందుకొస్తుంది. కాస్త దూరంగా, మాట్లాడకుండా తీయండి. డాష్ కెమెరా ఉంటే అసలు ఫోనే బయటికి తీయక్కర్లేదు. ఆ వీడియోను ఊరంతా పంచాలన్న తొందర వద్దు. ఫిర్యాదుతో పాటు పై అధికారికి ఇస్తేనే దానికి విలువ.

## కాగితాలు, తాళాలు, బండి

ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోవాలా? ఒరిజినల్ కావాలంటున్నారు.

ఒప్పుకోవాలి. ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ఉన్న లైసెన్సు, ఆర్సీ చెల్లుతాయి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఇంకో అడుగు ముందుకేసింది. వివరాలు ఎలక్ట్రానిక్‌గా సరిచూసుకున్నాక కాగితం రూపంలో అడగకూడదని 139వ నిబంధన చెబుతోంది. గ్యాలరీలో దాచుకున్న ఫొటోకు ఈ హోదా లేదు. చాలామంది చూపించేది అదే, అందుకే మాట పెరుగుతుంది. సిగ్నల్ లేని ఘాట్ రోడ్డు మీద ఇబ్బంది రాకుండా ఇంటి దగ్గరే యాప్ తెరిచి పత్రాలు సిద్ధంగా ఉంచుకోండి.

ఏమీ దగ్గర లేవు, పర్సు ఇంట్లో మర్చిపోయాను. లైసెన్సు లేనట్టేనా?

కాదు. లైసెన్సు లేకపోవడం ఒక నేరం, సెక్షన్ 181 కింద 5,000 రూపాయలు. ఉన్నదాన్ని వెంట తెచ్చుకోకపోవడం చాలా చిన్న తప్పు. ధ్రువీకరించిన నకలును 15 రోజుల్లోగా అడిగిన అధికారికి చూపించే, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపే అవకాశం చట్టంలోనే ఉంది. చలాన్ మీద రాసింది 181 అయితే అక్కడే చెప్పండి, నంబరుతో సహా లైసెన్సు ఆన్‌లైన్‌లో కనబడుతుంది.

తాళం లాగేసుకున్నారు. అలా చేయొచ్చా?

పత్రాలు తీసుకోవడం గురించి 206, బండిని ఆపి ఉంచడం గురించి 207 చెబుతాయి. రన్నింగులో ఉన్న బండి తాళం లాక్కోవడం గురించి గానీ, చక్రాల్లో గాలి తీయడం గురించి గానీ ఈ రెండింటిలోనూ లేదు. అయినా జరుగుతూనే ఉంటుంది. అప్పుడు తాళం కోసం పెనుగులాడకండి. పేరు, సమయం, చోటు రాసుకుని ట్రాఫిక్ ఏసీపీకో డీఎస్పీకో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. చేతులు కలిస్తే కేసు మీ మీదకే తిరుగుతుంది.

బెల్టు లేదని లైసెన్సు తీసేసుకోవచ్చా?

2019 సవరణతో వచ్చిన 206(4) ప్రకారం లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపించే తప్పుల జాబితా ఇది: అతివేగం, ప్రమాదకరంగా నడపడం, మందు, రేసులు, రోడ్డుకు పనికిరాని బండి, టూవీలర్ మీద ముగ్గురు, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం. సీటు బెల్టు 194బి అందులో లేదు. హెల్మెట్‌ను చేర్చి బెల్టును ఎందుకు వదిలేశారో చట్టం రాసినవాళ్లకే తెలియాలి. లైసెన్సు నకిలీదన్న అనుమానం ఉన్నా, మీరు సమన్లకు దొరకకుండా పోతారని నమ్మినా తీసుకోవచ్చు, దానికి రసీదు ఇవ్వాలి. ఏ కారణంతో తీసుకున్నా రసీదు లేకుండా మాత్రం కదలకండి.

బండిని స్టేషన్‌కు ఎప్పుడు తీసుకెళ్లొచ్చు? పాత చలాన్లు కట్టలేదని సీజ్ చేస్తామంటున్నారు.

సెక్షన్ 207లో ఉన్నవి ఇవి: లైసెన్సు లేనివాళ్లు నడపడం, వయసు రానివాళ్లు నడపడం, రిజిస్ట్రేషన్ లేని బండి, పర్మిట్ లేని రవాణా బండి. ఆ జాబితాలో పెండింగ్ చలాన్ అనే మాట లేదు. బెల్టూ లేదు. కోర్టు ఆదేశం ఉంటే అది వేరు. అలాగని ఏళ్ల తరబడి పేరబెట్టుకోవడం తెలివైన పని కాదు. బండి అమ్మేటప్పుడు, ఎన్‌ఓసీ తీసుకునేటప్పుడు అన్నీ కలిసి అడ్డం పడతాయి.

డిక్కీ తెరవమంటే తెరవాలా? ఫోన్ కూడా చూపించమంటున్నారు.

బెల్టు తనిఖీకీ డిక్కీకీ సంబంధం లేదు. గంజాయి, మద్యం, ఎన్నికల డబ్బు లాంటి వాటి మీద అనుమానం ఉంటే వేరే చట్టాలు వస్తాయి. మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 43 కింద బహిరంగ స్థలంలో బండిని సోదా చేయొచ్చు. మీ ఒంటి మీద సోదా చేయాలంటే గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు సెక్షన్ 50 ఇస్తోంది. ఆ హక్కు మనిషి ఒంటికే గానీ బండికో సంచికో కాదని సుప్రీంకోర్టు తేల్చింది. స్త్రీని స్త్రీయే సోదా చేయాలి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో 50,000 దాటిన నగదుకు ఆధారం లేకపోతే పట్టుకుంటారు, కాబట్టి బ్యాంకు చీటీ దగ్గర ఉంచుకోండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 సోదాను, జప్తును వీడియో తీయాలంటోంది.

ఫోన్ సంగతి పూర్తిగా వేరు. రోడ్డు మీద ఆపి వాట్సాప్ తెరిపించే అధికారం ట్రాఫిక్ చట్టంలో లేదు. 2021లో హైదరాబాద్‌లో అలా చాటింగులు వెతుకుతున్న వీడియోలు బయటికి వచ్చి పెద్ద చర్చే జరిగింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. "డాక్యుమెంట్ యాప్ చూపిస్తాను, ఫోన్ చేతికివ్వను" అని చెప్పొచ్చు.

## మందు తనిఖీ, అరెస్టు మాట

బ్రీత్ అనలైజర్‌లో ఊదనంటే?

ఊదడమే మంచిది. తాగారన్న అనుమానానికి కారణం ఉండి మీరు ఊదకపోతే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చని సెక్షన్ 203 అంటోంది. హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. దాటితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మీ ముందే కొత్త గొట్టం పెట్టమని అడగండి. దగ్గు మందో, మౌత్‌వాషో వాడి ఉంటే ఆ మాట ముందే చెప్పి, కాసేపాగి మళ్లీ ఊదనివ్వమనండి. సెక్షన్ 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి. జరగకపోతే వదిలేయాలి.

తాగినవాడి బండిని పోలీసులు ఉంచేసుకోవచ్చా?

తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో దీని మీద స్పష్టంగా చెప్పింది. తాగినవాణ్ని నడపనివ్వకూడదు. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి ఇవ్వాలి. లేకపోతే ఇంటివాళ్లకు కబురు చేయాలి. ఎవరూ రాకపోతేనే తాత్కాలికంగా స్టేషన్‌లో ఉంచాలి. తర్వాత యజమానో, అతను పంపినవాళ్లో ఆర్సీ, లైసెన్సు చూపిస్తే ఇచ్చేయాలి. మందు బాబు మీద కేసు నడుస్తుంది. బండి మీద కాదు.

రాత్రిపూట ఆడవాళ్లు ఒంటరిగా నడుపుతుంటే ఆపొచ్చా?

ఆపొచ్చు, కాగితాలు అడగొచ్చు. అరెస్టుకు మాత్రం హద్దుంది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, ముందుగా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. నిర్మానుష్యమైన చోట ఆపితే ఇండికేటర్ వేసి, నెమ్మదిగా వెలుతురున్న బంకు దాకా వెళ్లి ఆగడం, 112కు ఫోన్ చేసి చెప్పడం తెలివైన పని. ఎందుకలా చేశారో పోలీసుకు వెంటనే చెప్పండి.

## చలాన్ చేతికొచ్చాక

అక్కడే కట్టేయాలా?

బలవంతం లేదు. రోడ్డు మీద కట్టడమంటే సెక్షన్ 200 కింద తప్పు ఒప్పుకుని కేసును అక్కడితో ముగించుకోవడం. అదొక వెసులుబాటు, మీరు కావాలంటేనే. "నేను కోర్టులో చెప్పుకుంటాను" అంటే చలాన్ తీసుకుని బయల్దేరొచ్చు. నిజంగా బెల్టు పెట్టుకోకపోతే కట్టేసి పోవడమే నయం. కోర్టుకు తిరిగే ఖర్చు వెయ్యి దాటుతుంది. కట్టిన దానికి రసీదో, ఫోన్‌కు మెసేజో రావాలి. ఎవరి సొంత యూపీఐ నంబరుకో కొట్టమంటే కొట్టకండి.

బెల్టు పెట్టుకున్నా కెమెరా చలాన్ పంపింది. నల్ల చొక్కా మీద నల్ల బెల్టు కనబడలేదు!

ఇది నిజంగానే జరుగుతోంది. కెమెరాతో పట్టిన తప్పుకు నోటీసు 15 రోజుల్లోగా రావాలని 167ఏ నిబంధన చెబుతోంది. అందులో తప్పును, నంబరు ప్లేటును చూపే స్పష్టమైన ఫొటో, తేదీ, సమయం, చోటు, సెక్షన్ ఉండాలి. ముందు ఆ ఫొటో డౌన్‌లోడ్ చేసుకుని పెద్దది చేసి చూడండి. భుజం దగ్గర గీత కనిపించినా చాలు, ఈ-చలాన్ సైటులోని ఫిర్యాదు విభాగంలో దాన్నే పెట్టండి. డబ్బు కట్టాక అభ్యంతరం చెబితే వినేవాళ్లు ఉండరు, కాబట్టి ఫిర్యాదు ముందు, కట్టడం తర్వాత.

కానిస్టేబుల్ తన సొంత సెల్‌తో తీసిన ఫొటో చెల్లుతుందా?

167ఏ లో స్పీడ్ కెమెరా, సీసీ కెమెరా, స్పీడ్ గన్, ఒంటి మీద ధరించే కెమెరా, డాష్ కెమెరా లాంటివి ఉన్నాయి. ఆ పరికరాలకు ధ్రువపత్రం ఉండాలని, దాన్ని ఏటా పునరుద్ధరించాలని కూడా ఉంది. సొంత సెల్ ఆ వరసలో లేదు. కోర్టులో గట్టిగా పెట్టదగ్గ వాదనే ఇది. జంక్షన్‌లో నిలబడి చేస్తే ఉపయోగం లేదు.

బండి తీసుకెళ్లింది స్నేహితుడు. ఇంకో బండి అమ్మేసి రెండేళ్లయింది, దాని చలాన్లూ నాకే వస్తున్నాయి.

కెమెరా చలాన్ నంబరు ప్లేటును చూసి యజమానికి వస్తుంది. నడిపిందెవరో చెప్పమని అడిగితే ఆ వివరం ఇవ్వాల్సిన బాధ్యత సెక్షన్ 133 కింద మీదే. పేరు, లైసెన్సు వివరం రాసి ఇవ్వండి. అమ్మిన బండి సంగతి ఇంకా తలనొప్పి. రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. చలాన్ అయితే వెయ్యితో పోతుంది. ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం కేసు మీ గుమ్మం తొక్కుతుంది. డెలివరీ నోటు రాయించుకున్నామని నిశ్చింతగా ఉండకండి. పేరు మారిందో లేదో ఇవాళే ఆన్‌లైన్‌లో చూడండి.

కట్టకుండా వదిలేస్తే ఏమవుతుంది? డిస్కౌంట్ ఎప్పుడిస్తారు?

కట్టకపోతే కేసు కోర్టుకు వెళ్లాలి. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలల్లోగా కోర్టు విచారణకు స్వీకరించాలని కాలపరిమితి ఉంది. బెల్టు కేసు ఆ కోవలోదే. ఆలస్యానికి సరైన కారణం చూపితే కోర్టు మన్నించొచ్చు కూడా. ఆరు నెలలు దాటాయని చలాన్ సైటు నుంచి మాయమైపోదు, ఆ వాదన కోర్టు ముందు మీరే పెట్టాలి.

తెలంగాణలో 2022 మార్చిలో, మళ్లీ 2023 డిసెంబరు చివర్లో భారీ రాయితీలు ఇచ్చారు. రెండోసారి టూవీలర్లకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. అప్పటి నుంచి "మళ్లీ ఎప్పుడు?" అన్నదే జనం ప్రశ్న. నా అభిప్రాయం అడిగితే, వెంటనే కట్టినవాణ్ని వెర్రివాణ్ని చేసే పద్ధతి అది. లోక్ అదాలత్‌లో కూడా చిన్న కేసులు తేల్చుకోవచ్చు.

చలాన్ ఉందని వాట్సాప్‌లో ఫైల్ వచ్చింది. తెరవనా?

వద్దు. ఏపీకే ఫైలు అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించేది. దాన్ని ఇన్‌స్టాల్ చేయిస్తే ఫోన్‌లోని ఓటీపీలు దొంగల చేతికి వెళ్తాయి. చలాన్ ఉందో లేదో ప్రభుత్వ సైటులో మీరే బండి నంబరు కొట్టి చూసుకోండి.

## ఇంకా అడిగేవి

"ఏదో ఒకటి ఇచ్చి వెళ్లండి" అంటే?

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా జైలు ఉంది. బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెబితే మీకు రక్షణ ఉంటుంది. తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. అక్కడికక్కడ పనికొచ్చే మాట మాత్రం "చలాన్ రాయండి సార్, కట్టేస్తాను".

పోలీసు జీపులో వాళ్లే బెల్టు పెట్టుకోరు. వాళ్లకు లేదా?

ఉంది, రెట్టింపు ఉంది. చట్టాన్ని అమలు చేసే అధికారం ఉన్నవాళ్లే దాన్ని అతిక్రమిస్తే శిక్ష రెండింతలని సెక్షన్ 210బి చెబుతోంది. వాళ్లది చూపించి మీ చలాన్ రద్దు చేయమంటే కుదరదు గానీ, ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు.

బెల్టు పెట్టుకోలేదని ప్రమాద పరిహారం కొట్టేస్తారా?

ఎదుటి బండి తప్పుంటే మీ క్లెయిం మొత్తం పోదు. మీ నిర్లక్ష్యానికీ వాటా ఉందని బీమా కంపెనీ వాదించి మొత్తం తగ్గించమంటుంది. బైకు మీద ముగ్గురు వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2020లో ఒక మాట చెప్పింది. నిబంధన తప్పినంత మాత్రాన వాటా అంటగట్టకూడదు, ఆ తప్పుకూ ప్రమాదానికో గాయానికో సంబంధం రుజువు కావాలి అని. తలకు తగిలిన దెబ్బ విషయంలో బెల్టు సంబంధం రుజువు చేయడం కంపెనీకి పెద్ద కష్టం కాదు. కాలు విరిగిన కేసులో కష్టమే.

మా అబ్బాయి అమెరికాలో చదువుకుంటున్నాడు. అక్కడ ఆపితే ఏం చేయాలి?

ఇక్కడి అలవాటు అక్కడ ప్రమాదం. పోలీసు కారు వెనక లైట్లు వెలిగిస్తే పక్కకు ఆపి, కారులోనే కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా పెట్టాలి. దిగి ఎదురెళ్లి మాట్లాడబోతే దాన్ని బెదిరింపుగా చూస్తారు. దిగమంటే మాత్రం దిగాలి, ఆ అధికారం వాళ్లకుందని అక్కడి సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. లైసెన్సు కోసం జేబులోనో డాష్‌బోర్డులోనో చెయ్యి పెట్టే ముందు ఆ మాట పైకి చెప్పమనండి.

బెల్టు చట్టం అక్కడ రాష్ట్రానికొకటి. న్యూ హాంప్‌షైర్‌లో పెద్దవాళ్లకు అసలు లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో వెనక సీటుకూ ఉంది. అదే టెక్సస్‌లో పిల్లలతో సహా బెల్టు లేకుండా వెళ్తున్న ఒక తల్లిని సంకెళ్లు వేసి తీసుకెళ్లారు. జరిమానాతో పోయే తప్పుకు అరెస్టేమిటని ఆమె కోర్టుకు వెళ్తే, 2001లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా ఆ అరెస్టు చెల్లుతుందని తీర్పిచ్చింది. ఎక్కడికి వెళ్తున్నావు, ఎక్కడి నుంచి వస్తున్నావు లాంటి ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు అబ్బాయికి ఉంది. కారు సోదాకు ఒప్పుకుంటావా అంటే "ఒప్పుకోను" అని మర్యాదగా చెప్పొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు టికెట్టు మీద ఉన్న కోర్టు తేదీని మాత్రం మర్చిపోకూడదు. చిన్న టికెట్టుకు హాజరు కాకపోతే వారెంటు పుడుతుంది.